బొమ్మలను నమ్ముకున్న డాక్టరు – ఒసాము తెజుకా

జపాన్‌లో టీవీ బొమ్మల కథలకూ, పిల్లలు ఆడుకునే బొమ్మల వ్యాపారానికీ ముడివేసిన మనిషి ఒసాము తెజుకా. ఆయన వైద్యవిద్య చదివారు, పరీక్ష ప్యాసయ్యారు, పరిశోధన చేసి డాక్టరేటు కూడా పొందారు. కానీ బతికినంతకాలం బొమ్మలు గీస్తూనే బతికారు. ఆయన గురించి మన వార్షికోత్సవ సంచికలో ఎందుకని మిత్రులు అడగవచ్చు. డోరేమాన్ చూడనివాళ్ళు, జాతరలో బేబ్లేడు కొనిపించుకోనివాళ్ళు మన హాస్టల్లో ఎంతమంది ఉన్నారో లెక్కపెడితే జవాబు దొరుకుతుంది. ఆ టీవీ కథల వెనుక, ఆ బొంగరాల వెనుక ఒక వ్యాపార పద్ధతి ఉంది. దానికి 1963లో పునాది పడింది ఆయన చేతుల మీదుగానే.

జపాన్‌లో అచ్చువేసే బొమ్మల కథలను మంగా అంటారు. వాటిని కదిలే బొమ్మలుగా చేసి టీవీలో, సినిమాహాల్లో చూపిస్తే అనిమే అంటారు. ఆ కథల్లోని మనుషులను, మరమనుషులను అచ్చం అలాగే చిన్న విగ్రహాల్లా చేసి అమ్మితే యాక్షన్ ఫిగర్లు అంటారు. వేల రూపాయలు పోసి కొని, అద్దాల బీరువాల్లో దాచుకునే పెద్దవాళ్ళు నేడు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. ఏ కంపెనీ బొమ్మ బాగుంటుందని వాళ్ళ మధ్య ఎడతెగని వాదనలు జరుగుతుంటాయి. ఆ వాదనల్లోకి తర్వాత వద్దాం.

తెజుకా 1928 నవంబరు 3న ఒసాకా దగ్గర తొయొనాకాలో జన్మించారు. ఐదేళ్ళ వయసులో కుటుంబం తకరాజుకా ఊరికి మారింది. అన్ని వేషాలూ ఆడపిల్లలే వేసే సంగీత నాటకాలకు ఆ ఊరు పేరుపొందింది. తల్లి ఆయనను ఆ నాటకాలకు తీసుకెళ్ళేది. తండ్రి ఇంట్లోనే చిన్న ప్రొజెక్టరు పెట్టి చాప్లిన్ సినిమాలు, డిస్నీ బొమ్మల సినిమాలు చూపించేవాడు. అంటే ఆయన పేదింటి బిడ్డ కాదు. మన సంచికల్లో వచ్చే జీవితచరిత్రల్లో ప్రతి గొప్పవాడూ వీధి దీపం కింద చదివినట్టే ఉంటుంది. ఈయన కథ అలాంటిది కాదు కనుక ఆ మాట ముందే చెప్పేయడం మంచిది.

అయితే బడిలో ఆయనకు సుఖం లేదు. సన్నగా, ఉంగరాల జుట్టుతో, కళ్ళద్దాలతో ఉండే ఆ పిల్లవాణ్ణి తోటివాళ్ళు బాగా ఏడిపించేవారు. నోట్ పుస్తకాల్లో బొమ్మల కథలు గీయడం మొదలుపెట్టాక ఏడిపించినవాళ్ళే తర్వాతి పేజీ కోసం చుట్టూ చేరారు. పురుగులంటే కూడా ఆయనకు మహా పిచ్చి. ఒసాముషి అనే పెంకుపురుగు పేరు తన పేరుకు దగ్గరగా ఉందని, తన పేరులో పురుగు అనే అర్థం వచ్చే అక్షరాన్ని కలుపుకున్నారు. కడదాకా ఆ అక్షరంతోనే సంతకం చేశారు.

రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో విద్యార్థులను చదువు మానిపించి ఫ్యాక్టరీ పనికి పంపారు. 1945 జూన్‌లో ఒసాకా మీద బాంబుల వాన కురిసినప్పుడు ఆయన కొద్దిలో ప్రాణాలతో బయటపడ్డారు. చుట్టూ కాలిపోయిన శవాలను చూశారు. చావంటే ఏమిటో, ప్రాణం విలువ ఏమిటో ఆయన కథల్లో అడుగడుగునా కనిపించడానికి ఆ రోజే కారణమని అందరూ ఒప్పుకుంటారు. అంతకుముందే ఒక శిబిరంలో ఆయన రెండు చేతులకూ చర్మవ్యాధి సోకితే ఒక డాక్టరు నయం చేశాడు. వైద్యం మీద గౌరవం అప్పుడు కలిగింది.

1945లోనే ఒసాకా యూనివర్సిటీలో వైద్యవిద్యలో చేరారు. పక్కనే బొమ్మల పని కూడా మొదలైంది. 1946 జనవరి నుంచి పిల్లల పత్రికలో నాలుగు గళ్ళ బొమ్మల కథ వేశారు. 1947లో కొత్త నిధి ద్వీపం అనే అర్థం వచ్చే పుస్తకం వెలువడింది. చవక కాగితం మీద అచ్చయిన ఆ పుస్తకం, యుద్ధంలో ఓడి ఆకలితో ఉన్న దేశంలో పిల్లల చేతుల్లోకి విపరీతంగా వెళ్ళింది. సినిమాలో కెమెరా దగ్గరికి జరిగినట్టు, దూరంగా వెళ్ళినట్టు ఆయన గళ్ళు గీశారు. ఇది చదివాకే బొమ్మలు గీయాలనుకున్నామని తర్వాతి తరం వాళ్ళు ఎందరో చెప్పుకున్నారు.

డాక్టరా, బొమ్మల రచయితా అన్న ప్రశ్న చివరికి తల్లి ముందుకు వచ్చింది. నీకు ఏది ఎక్కువ ఇష్టమని ఆమె అడిగింది. బొమ్మలేనని కొడుకు చెప్పాడు. అయితే అదే చెయ్యమని ఆమె అన్నది. ఇంత మామూలుగా తేలిపోయిన సంగతి చదివి నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా తెచ్చిన మొదటిదాన్ని నేనే. పి.జి.లో చేరతానన్నప్పుడు అందరూ సంతోషపడ్డారు, కానీ ఉద్యోగం ఎప్పుడు వస్తుందన్న ప్రశ్న మాత్రం పండక్కి ఇంటికెళ్ళిన ప్రతిసారీ గుమ్మంలోనే ఎదురొస్తుంది. ఇష్టమా కాదా అన్న ప్రశ్న అడిగే తీరిక మన ఇళ్ళకు ఇంకా రాలేదు. తెజుకా కూడా జాగ్రత్తపడిన మనిషే. చదువు మధ్యలో వదల్లేదు. 1951లో కోర్సు పూర్తిచేసి, 1952లో డాక్టరు పరీక్ష ప్యాసయ్యారు. 1961లో నారా వైద్య యూనివర్సిటీ నుంచి డాక్టరేటు పొందారు. అప్పటికి ఆయన దేశంలోనే పెద్ద పేరున్న మంగా రచయిత.

టోక్యో చేరాక 1953లో తొకివా-సో అనే రెండంతస్తుల చెక్క ఇంట్లో గది తీసుకున్నారు. నాలుగున్నర చాపలు పరిస్తే నిండిపోయే గదులు. వంటగది అందరికీ ఒకటే, మరుగుదొడ్లు అందరికీ అవే, స్నానాల గది అసలే లేదు. మన హాస్టలుకు ఏమీ తీసిపోదు. మరుసటి ఏడాది ఆయన ఆ గది ఖాళీచేసి వెళ్తూ, తర్వాత చేరబోయే ఇద్దరు కుర్రవాళ్ళ దగ్గర డబ్బు లేదని తెలిసి, తాను కట్టిన అడ్వాన్సు వాళ్ళకే వదిలేశారు. ఆ ఇద్దరూ ఫుజికో ఫుజియో అనే ఒకే పేరుతో జంటగా గీసేవారు. డోరేమాన్ ఆ జంటలో ఒకరి సృష్టే. ఇషినోమోరి షోతారో కూడా ఆ ఇంట్లోనే ఉన్నారు. ఆయన కథతో 1971లో కామెన్ రైడర్ టీవీలో వచ్చింది. కథానాయకుడి నడుముకు ఉండే పట్టీని పోపీ అనే బొమ్మల కంపెనీ దీపం వెలిగేలా, చక్రం తిరిగేలా చేసి అమ్మితే దేశమంతా పిల్లలు ఎగబడ్డారు. అంత ఇరుకు గదుల నుంచి అంత వ్యాపారం పుట్టింది. పాత ఇల్లు 1982లో కూల్చేశారు. 2020లో అలాంటిదే మళ్ళీ కట్టి మ్యూజియం చేశారు.

ఇక ఆటమ్ సంగతి. 1952 నుంచి షోనెన్ అనే పిల్లల పత్రికలో ఇనుప చేతుల ఆటమ్ కథ మొదలైంది. విదేశాల్లో వాడి పేరు ఆస్ట్రో బాయ్. ఒక శాస్త్రవేత్త కొడుకు వాహన ప్రమాదంలో చనిపోతాడు. తండ్రి ఆ దుఃఖంలో అచ్చం కొడుకులాంటి మరమనిషిని తయారుచేస్తాడు. కొన్నాళ్ళకు వీడు పెరగడం లేదని కోపం వస్తుంది. బొమ్మ పెరగదు కదా! ఆ కోపంలో వాణ్ణి సర్కస్‌కు అమ్మేస్తాడు. ఇంకో శాస్త్రవేత్త వాణ్ణి విడిపించి చేరదీస్తాడు. లక్ష గుర్రాల బలం, ఎగిరే కాళ్ళు ఉన్నా వాడు బడికి వెళ్తాడు. తోటి పిల్లలు నువ్వు మనిషివి కాదంటారు. మరమనుషులకు హక్కులు ఉండాలా వద్దా అన్న గొడవ కథ పొడుగునా నడుస్తుంది. పుట్టుకను చూసి పక్కన కూర్చోబెట్టని బడుల గురించి మన పెద్దలు చెప్పగా విన్నవాళ్ళకు ఈ కథ పిల్లల కథలా అనిపించదు.

1961లో తెజుకా సొంతంగా అనిమే పని మొదలుపెట్టి దానికి ముషి ప్రొడక్షన్ అని పేరు పెట్టారు. ముషి అంటే పురుగే. 1963 జనవరి 1న ఆటమ్ టీవీలో మొదలైంది. వారానికి ఒక అరగంట భాగం తీయడం అప్పటికి అసాధ్యమనుకునేవారు. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. ఆయన సెకనుకు ఎనిమిది, ఒక్కోసారి అంతకన్నా తక్కువ బొమ్మలతో సరిపెట్టారు. నోరు మాత్రమే కదిపారు. ఎగిరే దృశ్యం ఒకసారి గీసి, దాచిపెట్టి, పదిసార్లు వాడారు. అయినా ఖర్చు ఖర్చే. అక్కడే ఆయన తన జీవితంలో అతి పెద్ద నిర్ణయం తీసుకున్నారు. తయారీ ఖర్చుకు చాలా తక్కువ ధరకు టీవీ వాళ్ళకు ఇచ్చేశారు. మిగిలిన నష్టాన్ని ఆటమ్ బొమ్మను వాడుకునే కంపెనీలు కట్టే రుసుముతో, విదేశాల అమ్మకంతో, తన మంగా సంపాదనతో పూడ్చుకోవాలని లెక్క వేసుకున్నారు.

ఆ లెక్కకు ప్రాణం పోసింది బొమ్మల కంపెనీ కాదు, మిఠాయి కంపెనీ. కార్యక్రమానికి డబ్బు పెట్టిన మెయిజీ సంస్థ గొట్టం డబ్బాల్లో రంగురంగుల చాక్లెట్ బిళ్ళలు అమ్మేది. పోటీగా మొరినాగా అలాంటివే తెచ్చేసరికి మెయిజీ అమ్మకాలు పడ్డాయి. 1963లో మెయిజీ ఆటమ్ స్టిక్కర్లు మొదలుపెట్టింది. ముందు డబ్బా మూతలు పంపిన పిల్లలకు పోస్టులో పంపేవారు. తర్వాత డబ్బాలోనే పెట్టారు. చాక్లెట్టు కోసం కాకుండా స్టిక్కరు కోసం పిల్లలు డబ్బాలు కొన్నారు. అదే సంవత్సరం గ్లికో సంస్థ తెత్సుజిన్ 28 అనే మరమనిషి కథకూ, మొరినాగా ఒక తోడేలు పిల్లవాడి కథకూ డబ్బు పెట్టాయి. ముగ్గురు మిఠాయి వ్యాపారుల పోటీలో జపాన్ అనిమే నడక నేర్చుకుందంటే నమ్మాల్సిందే.

అప్పటికే రేకు బొమ్మల ఆటమ్‌లు బజారులో ఉన్నాయి. కీ ఇస్తే అడుగులు వేసేవి. కానీ రేకును వంచి, రంగు పూసిన ఆ ముఖంలో తెజుకా గీసిన గీత ఉండేది కాదు. స్టిక్కరులో ఉన్నది అదే గీత, అదే జుట్టు, అదే చూపు. పైగా దాన్ని ఎక్కడైనా అంటించుకోవచ్చు. మన ట్రంకు పెట్టెల మూతలు లోపలివైపు తెరిచి చూస్తే ఆ సుఖం ఏమిటో ఎవరూ వేరే చెప్పనక్కర్లేదు. నా దృష్టిలో బొమ్మల కంపెనీలను పోల్చడానికి మొదటి కొలత ఇదే. రేకు బొమ్మ గట్టిది, స్టిక్కరు చిరిగిపోయేది. కానీ పోలిక స్టిక్కరుదే. నేటి ఫిగర్ల తయారీదారులు కిందామీదా పడేది ఈ రెంటినీ, గట్టితనాన్నీ పోలికనూ, ఒకే వస్తువులో తేవడానికే.

ఈ తక్కువ ధర బరువు ఎవరి మీద పడింది? ముషి ప్రొడక్షన్‌లో మొదట్లో జీతాలు బాగానే ఉండేవి, ఎందుకంటే తెజుకా తన మంగా డబ్బు అందులో పోశారు. కానీ ఇతర కంపెనీలకు కూడా ఇంచుమించు అదే ధర మామూలైపోయింది. వాళ్ళ దగ్గర పోయడానికి మంగా డబ్బు లేదు. క్రమంగా బొమ్మకు ఇంత అని లెక్కగట్టి ఇచ్చే పద్ధతి పరిశ్రమలో స్థిరపడింది. మా అమ్మ బీడీలు చుడుతుంది. వెయ్యికి ఇంత. ఆకు బాగాలేదని కొన్ని కట్టలు తీసేస్తే ఆ రోజు కూలి తగ్గుతుంది. కనుక కాగితానికి ఇంత అని గీసే ఆ చేతుల సంగతి నాకు కొంత తెలుసు. తెజుకా చనిపోయిన ఏడాదే దర్శకుడు హయావ్ మియాజాకి ఈ తక్కువ ధర విషయంలో ఆయనను గట్టిగా విమర్శించారు. ఆ విమర్శ న్యాయమైనదే. ఆ ధరకు ఇవ్వకపోతే టీవీ అనిమే అన్నది అప్పట్లో మొదలయ్యేదే కాదన్న మాట కూడా నిజమే. రెండూ నిజం కావడమే ఇందులోని చిక్కు.

ఆటమ్ 193 భాగాలు నడిచి 1966 చివరి రోజున ముగిసింది. 1971లో తెజుకా ముషి అధ్యక్ష పదవి వదులుకున్నారు. 1973లో ఆ సంస్థ దివాలా తీసింది. అప్పులవాళ్ళు ఆయన మీద పడ్డారు. అప్పుడు ఆయన బొమ్మల హక్కులు చెల్లాచెదురు కాకుండా కాపాడినవాడు ఒసాకాలో పిల్లల సామాన్లు తయారుచేసే కస్సాయ్ కెంజో. తర్వాత అప్రికా పేరుతో పిల్లల తోపుడు బండ్లకు ప్రసిద్ధి పొందినది ఆయన వ్యాపారమే. బొమ్మల రుసుమును నమ్ముకుని మునిగిన మనిషిని పిల్లల సామాన్ల వ్యాపారే ఒడ్డుకు లాగాడన్నమాట.

ముషి నుంచి బయటికి వచ్చినవాళ్ళు ఊరికే కూర్చోలేదు. కొందరు 1972లో సన్‌రైజ్ అనే సంస్థకు మూలపురుషులయ్యారు. ఆటమ్ దగ్గర పని నేర్చుకున్న తొమినో యొషియుకి ఆ సంస్థకు 1979లో గన్‌డామ్ తీశారు. ఈ గన్‌డామ్ దగ్గరే బొమ్మల కంపెనీల పోలిక స్పష్టంగా కనిపిస్తుంది. డబ్బు పెట్టిన క్లోవర్ కంపెనీ చిన్నపిల్లలను ఉద్దేశించి మెరిసే బొమ్మలు చేసింది. పోపీ 1974లో మజింగర్ జెడ్ మరమనిషిని బరువైన లోహంతో, ఎగిరిపోయే పిడికిలితో చేసి బాగా అమ్ముకుంది కనుక అదే దారి అనుకుంది. కానీ గన్‌డామ్‌ను ఇష్టపడి చూసినవాళ్ళు హైస్కూలు, కాలేజీ వయసువాళ్ళు. వాళ్ళు ఆ బొమ్మలు కొనలేదు. 52 భాగాలు అనుకున్నది 43 దగ్గర ఆపేశారు. 1980 జూలైలో బందాయ్ అదే మరమనిషిని విడివిడి ప్లాస్టిక్ ముక్కలుగా, ఇంట్లో ఎవరికి వారు బిగించుకునేలా, 300 యెన్లకు తెచ్చింది. దుకాణాల ముందు బారులు తీరారు. క్లోవర్ 1983లో దివాలా తీసింది. కొనేవాడి వయసు తెలుసుకోకపోతే అంతే మరి.

నేటి కంపెనీల తేడాలు కూడా అక్కడి నుంచి వచ్చినవే. బందాయ్ బలం కీళ్ళలో ఉంది. మోచెయ్యి, మోకాలు, నడుము ఎటు కావాలంటే అటు తిప్పి నిలబెట్టవచ్చు. గుడ్ స్మైల్ కంపెనీ 2006 నుంచి తెస్తున్న నెండొరాయిడ్ బొమ్మలు జానెడు కూడా ఉండవు. పెద్ద తల, చిన్న ఒళ్ళు, మార్చుకునే ముఖాలు. ఒసాకా ప్రాంతంలోని కైయోదో 1964లో చిన్న దుకాణంగా మొదలైంది. దాని బలం శిల్పుల చేతిలో ఉంది. 1999లో చాక్లెట్ గుడ్లలో ఆ శిల్పులు చేసిన చిన్న జంతువుల బొమ్మలు పెడితే పెద్దవాళ్ళు కూడా కొని పోగుచేశారు. నాకు కైయోదో మీద గౌరవం ఎక్కువ. బొమ్మను మలిచిన శిల్పి పేరు బయటికి చెప్పే అలవాటు దానికి ఉంది. మన కొండపల్లిలో పొణికి చెక్కతో చేసిన ఏనుగు అంబారీ కొంటే దాని కింద చెక్కినవాడి పేరు కనిపించదు. అయితే కైయోదోలో కూడా శిల్పి పేరు తెలుస్తుంది గాని రంగు వేసినవాళ్ళ పేర్లు తెలియవు. ఈ ఫిగర్లలో ఎక్కువ భాగం చైనా ఫ్యాక్టరీల్లో తయారవుతాయి.

దివాలా తర్వాత తెజుకా పని అయిపోయిందని పత్రికలవాళ్ళు అనుకున్నారు. 1973 నవంబరులో ఆయన బ్లాక్ జాక్ మొదలుపెట్టారు. లైసెన్సు లేని శస్త్రచికిత్స డాక్టరు కథ అది. ఎప్పుడో చదివిన వైద్యం అప్పుడు అక్కరకు వచ్చింది. 1972 నుంచి 1983 వరకు బుద్ధుడి జీవితాన్ని కూడా గీశారు. ఆ కథ రాజభవనంలో మొదలుకాదు. అంటరానివాడని వెలివేసిన తత్త అనే కుర్రవాడు, చాప్రా అనే బానిస పిల్లవాడు ముందు కనిపిస్తారు. వీళ్ళు ఆయన కల్పించిన మనుషులు. మన దేశపు కులాన్ని ఎక్కడో జపాన్‌లో కూర్చున్న మనిషి కథకు ముందు వరుసలో పెట్టాడు. మనం చదివిన పాఠ్యపుస్తకాల్లో బుద్ధుడి పాఠం వేరే విధంగా మొదలవుతుంది.

1989 జనవరిలో చక్రవర్తి హిరోహితో మరణించారు. నెల తిరిగిన రెండు రోజులకు, ఫిబ్రవరి 9న, కడుపు క్యాన్సర్‌తో తెజుకా కన్నుమూశారు. వయసు 60. గీసిన పేజీలు సుమారు ఒకటిన్నర లక్ష. ఆసుపత్రి మంచం మీద కూడా పని చేయనివ్వమని బతిమాలారట. మూడు కథలు సగంలో ఆగిపోయాయి. అందులో ఒకటి సంగీతకారుడు బీథోవెన్ జీవితం.

ఆటమ్ కథ ప్రకారం వాడు పుట్టిన తేదీ 2003 ఏప్రిల్ 7. గీసేటప్పుడు అది యాభై ఏళ్ళ దూరంలో ఉన్న రోజు. ఆ సంవత్సరం తెజుకా సంస్థ స్టూడియో ఉన్న నీజా పట్టణం ఆటమ్‌ను తమ ఊరి నివాసిగా నమోదు చేసి పత్రం ఇచ్చింది.